కడగని తొట్టి

ప్రతిరోజూ ఉదయం తొమ్మిదింటికి పన్నెండు సీసాల మూతలు తీసి వాసన చూడటం నా ఉద్యోగం. కర్పూరం, ఇంగువ, కిరసనాయిలు, వెల్లుల్లి, మల్లెపూలు, మురిగిన కోడిగుడ్డు, అలా పన్నెండు. ఒక్కో సీసా ముక్కు కింద పెట్టుకుని మూడుసార్లు ఊపిరి పీల్చాలి. తర్వాత చార్టులో దాని పేరుకి ఎదురుగా ఉంది అనో లేదు అనో రాయాలి. రెండేళ్ళ మూడు నెలలుగా నేను 'లేదు' తప్ప ఇంకో మాట రాయలేదు.

కర్పూరం కళ్ళకి తెలుస్తుంది. కిరసనాయిలు ముక్కు లోపల చల్లగా తగులుతుంది. అంతవరకే. మల్లెపూల సీసా పీలిస్తే తడిగోడకి ముక్కు ఆనించినట్టు ఉంటుంది. కోడిగుడ్డు సీసా మొదట్లో భయపడుతూ తెరిచేదాన్ని. ఇప్పుడు అన్నిటికన్నా ముందు దాన్నే తెరుస్తున్నాను.

"ఈరోజు?" అని అడుగుతారు మా డైరెక్టర్ హైమావతి మేడమ్, గుమ్మంలోంచే.

"లేదు మేడమ్."

"సరే. టిఫిన్ చేశావా? తూకం చూసుకున్నావా?"

టిఫిన్ గురించి అడగటం మర్యాద కోసం కాదు. మా ప్రయోగశాలలో గంట కొట్టి తినిపిస్తారు. వారానికోసారి అందరినీ తూస్తారు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం మిగిలాయి గానీ రుచి అనేది వెళ్ళిపోయింది. రుచిలో ముప్పాతికవంతు ముక్కుదేనని పోయాక తెలిసింది. సాంబారు అంటే పుల్లటి వేడినీళ్ళు. ఇడ్లీ అంటే తడి దూది. ఆకలి వేయడం మర్చిపోయి, మంచాన పడి, పోయినవాళ్ళు మా వీధిలోనే నలుగురు.

మురుగుకాలవల కంపు తినే సూక్ష్మజీవిని తయారుచేసింది మేమే. కాగితాల మీద దాని పేరు ఎస్-తొమ్మిది. కంపు పుట్టించే మూడు రకాల అణువులని మాత్రమే అది తినాలి. ఎండలో చావాలి, ఉప్పులో చావాలి. అలా కట్టడి చేసి వదిలాం. విశాఖపట్నంలో ఒక కాలవ పక్కన వారం తర్వాత జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది.

తర్వాత అది ఎక్కడో ఉప్పుకి అలవాటుపడింది. ఉప్పుకి అలవాటుపడ్డది చెమటకి, కన్నీళ్ళకి, ముక్కులోని తడికి కూడా అలవాటుపడింది. అక్కడ దానికి ఆ మూడు అణువులు దొరకవు కాబట్టి దొరికినవన్నీ తినడం నేర్చుకుంది. మనిషి ముక్కులో, పూరేకు మీద, చీమ మీసం మీద కంటికి కనపడని పొరలా పట్టింది. ప్రపంచమంతా పట్టడానికి ఏడు నెలలు సరిపోయాయి.

ఏదీ కూలలేదు. ఏదీ కాలలేదు. చీమలు బారులు తీరడం మానేసి, ఒలకబోసిన ఆవాల్లా ఎటుబడితే అటు తిరిగి చచ్చిపోయాయి. కుక్కలు యజమాని గేటు ముందే నిలబడి లోపలికి రావాలో వద్దో తెలియక అరిచాయి. తేనెటీగలకి పువ్వు దొరకలేదు. మామిడి పూత పూసినట్టే పూసి రాలిపోయింది. రెండో ఏడు బీరపాదులకి ఆడవాళ్ళు కోడి ఈకలతో పుప్పొడి అద్దుతూ కనిపించారు. ఆసుపత్రుల్లో అప్పుడే పుట్టిన పిల్లలు రొమ్ము దగ్గర తల అటూ ఇటూ తిప్పుతూ, పాలున్న చోటు తెలియక ఏడ్చారు. వాళ్ళకి ఉగ్గుగిన్నెతో పట్టేవారు. కొందరు తాగారు.

నాకు అన్నిటికన్నా కష్టమైనది చెప్పుకోవడానికి చాలా చిన్నది. బట్టలు మడతపెడుతూ ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే అది ఎవరిదీ కాదు. నాది కూడా కాదు.

* * *

ఆ జూన్‌లో ఒక సోమవారం మేడమ్ అందరినీ పిలిచి బల్ల మీద తీరం మ్యాపు పరిచారు.

"రెండేళ్ళు సముద్రంలో వెతికాం," అన్నారు. "తప్పు చోట వెతికాం అనుకుంటున్నాను. మన సీసాల్లో ఎస్-తొమ్మిది ఉప్పునీళ్ళలో గంట కూడా బతకలేదు. అలాంటిది ఉప్పుకి అలవాటుపడాలంటే ఏం కావాలి? పైడీ, నువ్వు చెప్పు."

"చీకటి కావాలి మేడమ్. తిండి కావాలి. ఉప్పు కొద్దికొద్దిగా ఎక్కుతూ, తగ్గుతూ ఉండే నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు నెలల తరబడి పారబోయకుండా ఉండాలి," అన్నాను.

"అదీ. అలాంటి చోటు ఒకటి ఉండి తీరాలి. ఇంకో మాట కూడా వినండి. ఏ సూక్ష్మజీవి అయినా ఒకేచోట కోట్లకి కోట్లుగా ఏళ్ళ తరబడి ఉంటే, దాన్ని తినేది కూడా అక్కడే పుడుతుంది. మన ముక్కుల్లో పుట్టదు, గాల్లో పుట్టదు, అక్కడ పలచగా ఉంటుంది. దాని పుట్టింట్లోనే పుడుతుంది. మనకి ఆ పుట్టిల్లు కావాలి."

ఆమె వేలు మ్యాపు మీద కదిలింది. మేము మొదట ప్రయోగం చేసిన చోట్లు మూడు. కాలవ ఒకటి. చేపలపొడి తయారుచేసే కార్ఖానా ఒకటి. మూడోది నీలాలరేవు, ఉప్పుచేపలు వేసే మత్స్యకారుల పేట. అది మా ఊరు. ఆ పేరు సూచించింది నేనే.

"కాలవా, కార్ఖానా చూసేశాం," అన్నారు మేడమ్. "నీలాలరేవులో ఉప్పుతొట్లు ఉన్నాయి గానీ, ప్రతి విడతకీ ఖాళీచేసి బ్రష్షుతో కడుగుతారని ఫారంలో ఉంది. నువ్వే నింపావు కదా?"

"అవును మేడమ్."

"కడుగుతారా?"

ఎనిమిదిమంది నావైపు చూశారు.

"కడుగుతారు మేడమ్," అన్నాను.

మేడమ్ వేలు నీలాలరేవు దాటి పైకి వెళ్ళిపోయింది.

నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ ఫారంలో ఇరవయ్యారు ప్రశ్నలు. పంతొమ్మిదోది తొట్ల గురించి. మా వాళ్ళు ఉప్పుతొట్టి కడగరు. మా అమ్మ కడగలేదు, మా అమ్మమ్మ కడగలేదు. పాత ఉప్పునీటి మీదే కొత్త చేప వేస్తారు, పైన ఉప్పు చల్లుతారు, తాటాకు కప్పి రాళ్ళు పెడతారు. నీరు ఎంత పాతదైతే చేప అంత గట్టిపడుతుంది, పసుపురంగు తేలుతుంది. కూతురు పెళ్ళయి ఇంకో రేవుకి వెళ్తే తల్లి ఒక కుండెడు పాతనీరు ఇచ్చి పంపుతుంది, అక్కడి తొట్టిలో పోసుకోమని. అది మా వాళ్ళ పనితనం. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అయినా ఆ ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. ఆ ఫారం చదివే ఎనిమిదిమందికీ అది మా ఇల్లని తెలుసు. హాస్టల్లో ఐదేళ్ళు నా బట్టలు అందరికన్నా రెండుసార్లు ఎక్కువ ఉతుక్కున్న మనిషిని నేను. 'కడగరు' అని రాయడానికి చెయ్యి రాలేదు. 'ప్రతి విడతకీ' అని రాశాను. కింద తొట్టి యజమాని సంతకం కావాలి. అమ్మ చేత పెట్టించాను. అక్షరాలు ఒక్కొక్కటీ కూర్చుకుంటూ, నాలుక బయటపెట్టి, సూరాడ ఎర్రమ్మ అని రాసింది. ఏం రాశావే అని అడగలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఊరు బయల్దేరాను.

* * *

బస్సు నన్ను రోడ్డు మీద దింపేసింది. అక్కణ్ణుంచి ఇసుకలో మైలు నడక. సముద్రం దగ్గరికి వచ్చిందని చెవులకి తెలిసింది. పెదవుల మీద జిగట తెలిసింది. చిన్నప్పుడైతే ఆ మలుపు తిరిగేసరికి గాలి ముఖాన కొట్టేది, కళ్ళు మూసుకుని కూడా ఇంటికి వెళ్ళగలిగేదాన్ని. ఇప్పుడు కళ్ళు తెరుచుకుని నడుస్తున్నా ఎక్కడికి వెళ్తున్నానో నమ్మకం కలగడం లేదు.

పేటలో ఇళ్ళు సగం మూసి ఉన్నాయి. మిగిలినవాళ్ళకి పని ఉంది. ఉప్పు ఒకటి ఇంకా తెలుస్తుంది కాబట్టి జనం ఉప్పుచేప కొంటున్నారు.

మా పాక ముందు తాళ్ళ మీద సావిడాయి చేపలు ఎండుతున్నాయి. నేను నిలబడి చూస్తుంటే ముంజేతి మీద ఏదో పాకింది. ఈగ. ముందుకాళ్ళు రెండూ రుద్దుకుంటోంది. ఈగని చూసి నాకు రెండేళ్ళు. దాన్ని తోలలేదు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఇంకోటి వచ్చింది. చేపల మీద చూద్దును కదా, నల్లగా ముసురుకుని ఉన్నాయి.

అమ్మ పాకలోంచి వచ్చింది. నోట్లో అడ్డపొగ. మా పేటలో పెద్ద ఆడవాళ్ళు చుట్ట కాలే కొస నోటి లోపల పెట్టుకుని తాగుతారు.

"ఏటే, సెప్పకుండా ఒచ్చేవు?" అంది. "సన్నబడిపోనావు. ఆ గంట కొట్టి ఏటి పెడతన్నారే మీకు, గడ్డేనేటి?"

"అమ్మా, ఈగలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"ఈగలకి అడ్రెస్సు నాను రాసిచ్చేనేటి?"

వెనకాలే నూకాలు పిన్ని వచ్చింది. అమ్మ చెల్లెలు, ఇద్దరూ కలిసే తొట్టి చూసుకుంటారు. పిన్ని నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరి, ముఖం చిట్లించి నవ్వింది.

"అబ్బ, ఆసుపత్రి వాసనొత్తన్నాదే గుంట."

అమ్మ నోట్లోంచి చుట్ట తీసి పిన్ని వైపు ఒక చూపు చూసింది. పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిన్నీ, ఏమన్నావు?"

"నానేటన్నాను? ఏటీ అన్లేదు."

"వాసన అన్నావు."

"మాటవరసకి అంతారు కదేటి."

నేను రాత్రి వేసుకున్న చొక్కాయే వేసుకుని బస్సెక్కాను. ప్రయోగశాలలో చేతులకి రాసుకునే మందు దాని నిండా ఉంటుంది. ఆ సంగతి నాకే తెలియదు, నేను పీల్చి చూసుకున్నా తెలియదు. నేను పాక వైపు నడిచాను. అమ్మ అడ్డం వచ్చింది, మళ్ళీ తప్పుకుంది.

"సరే సూడు," అంది. "సదువుకున్నదానివి. ముక్కు లేదు గానీ కళ్ళున్నాయి కదా."

ఆమే రాళ్ళు దించి తాటాకు తొలగించింది. తొట్టి అంచు మీదికి వంగాను. నీరు చిక్కటి టీ రంగులో ఉంది. మొదట ఏమీ తెలియలేదు. కళ్ళు మండాయి. నోట్లో నీళ్ళూరాయి. గొంతు వెనక ఏదో బరువుగా, వెచ్చగా దిగింది. ఎవరో లోపలి గది తలుపు భుజంతో తోస్తున్నట్టు అనిపించింది. పది ఊపిర్లు అయ్యాయో, ఇరవై అయ్యాయో. ఒక్కసారిగా వచ్చి పడింది.

కుళ్ళు, ఇనుము, అయోడిన్, పాత తాడు, వానకి తడిసిన మేక, చేప పొట్ట చీరినప్పటి పచ్చి చేదు. ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. వేటికి ఏ పేరో మర్చిపోయాను. ఒక్కొక్కటీ పేరు కన్నా ముందు ఒక చోటుని తెచ్చింది. బడికి వెళ్ళే దారి. తాత పడవ అడుగు. నా పుస్తకాల సంచి.

నేను పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాను. అమ్మ నా నుదురు పట్టుకుని నవ్వుతోంది.

"మా పాపే. ఇంకా కక్కు. మంచిదే."

ముఖం కడుక్కుని ఆమె చెంగుతో తుడుచుకున్నాను. పొగాకు, ఉప్పు, పసుపు, కొబ్బరినూనె, వాటి వెనక ఇంకేదో. దానికి పేరు లేదు. ఆ గుడ్డ ముఖం మీంచి తీయకుండా అలాగే కూర్చున్నాను.

* * *

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"పోయిన ఎండాకాలం మొదలు. మీ పిన్నికి ముందొచ్చింది. తొట్టి కలబెడతంటే తుమ్మి తుమ్మి, ఒలప్పా కంపొత్తందే అని ఏడిసింది. ఇక్కడ పన్జేసేవోళ్ళం నలుగురం. నలుగురికీ ఒచ్చింది."

"నాకు ఫోన్ చేసి చెప్పొచ్చు కదమ్మా."

"సెప్తే నువ్వు రాసేత్తావు. రాయకుండా ఉండగలవేటి నువ్వు?"

పిన్ని కూడా పక్కన కూర్చుంది. "కింద రేవులోకి గవుర్మెంటోళ్ళొచ్చినారే," అంది. "జబ్బు సేపల్లోంచొచ్చిందని తొట్లన్నీ గునపాల్తో పగలగొట్టి బ్లీచింగు పోసినారు. మా తోడికోడలు తొట్టిలో కూకుండిపోతే జుట్టట్టుకుని ఈడిసినారు. మన రేవుని ఒగ్గేసినారు. ఈళ్ళు కడుగుతారని కాయితంలో ఉందట."

"ఎవులు రాసినారో," అంది అమ్మ, నావైపు చూడకుండా.

నేను అంతా చెప్పాను. పంతొమ్మిదో ప్రశ్న సంగతి, సిగ్గు సంగతి. నిజం రాసి ఉంటే ఇక్కడ ప్రయోగానికి ఒప్పుకునేవారు కాదు. ఈ నీటిలో అది ఉప్పుకి అలవాటుపడేది కాదు. ఇక్కణ్ణుంచి గంపల్లో, కుండల్లో ఊళ్ళు దాటేది కాదు. చెబుతుంటే నా గొంతు పాఠం అప్పజెబుతున్నట్టుగా ఉంది. ఏడుపు రాకుండా మాట్లాడాలంటే నాకు అలాగే వచ్చు.

"అయితే లోకం మీద పడ్డది మా తొట్టిలోంచేనేటి?" అంది పిన్ని.

"తొట్టి తప్పు కాదు పిన్నీ. నేను రాసింది."

అమ్మ చుట్ట ఆర్పి నేలకి రుద్దింది. "ఇప్పుడేటంతావు?"

"దాన్ని తినేది ఈ నీటిలో ఉందమ్మా. అందుకే మీ ముక్కులు బాగయ్యాయి. ఇది తీసుకెళ్ళాలి."

"సీసాలో పట్టుకెల్లు. సముద్రంలో దొరికిందని సెప్పు."

దారంతా నేనూ అదే అనుకున్నాను, ఏమైనా దొరికితే అలా చెప్పాలని. "ఒక సీసా చాలదమ్మా. తొట్టి అంతా కావాలి. ఎన్నేళ్ళ నీరో, ఎప్పుడు ఉప్పు వేశారో, ఎప్పుడు ఏ చేప వేశారో అన్నీ కావాలి. అబద్ధం చెబితే మళ్ళీ తప్పు చోటే వెతుకుతారు."

"నిజం సెప్తే?"

"నా ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు." ఆగాను. "ఫారం కింద నీ సంతకం ఉంది. నీ మీద కూడా పెడతారు. పేట ఖాళీ చేయించవచ్చు. రేవు పేరు అందరి నోట్లో పడుతుంది."

ఇసుక మీద ఎవరో పడవ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. పిన్ని ఏదో అనబోతే అమ్మ చేత్తో ఆపింది.

"నువ్వే చెప్పమ్మా. వద్దంటే నేను..."

"నా మీద పెట్టకే," అంది అమ్మ. కోపంగా అనలేదు. "ఆ కాయితం రాసినప్పుడు నన్నడిగేవేటి? అప్పుడు నీకు నువ్వే రాసీసినావు. ఇప్పుడూ నువ్వే సూసుకో. నాను ఎల్లమనను, ఒద్దనను."

లేచి వెళ్ళి ఒక సీసా కడిగి, తొట్టిలో ముంచి, గుడ్డతో తుడిచి నా సంచిలో పెట్టింది. తర్వాత తాటాకు కప్పి ఒక్కో రాయీ ఎత్తి పెట్టుకుంది. నేను సాయం పట్టబోతే వద్దంది.

* * *

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ప్రయోగశాలలో కూర్చున్నాను. కోడిగుడ్డు సీసా తెరిచాను. తల వెనక్కి వెళ్ళిపోయింది. ఒక్కొక్కటీ తెరిచాను. మల్లెపూలు అప్పటికే కుళ్ళిపోయి ఉన్నాయని ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. పన్నెండింటికి ఎదురుగా 'ఉంది' అని రాశాను.

"ఈరోజు?" అన్నారు మేడమ్ గుమ్మంలోంచి.

చార్టు ఆమె చేతికిచ్చాను. ఆమె చదివి, కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ చదివారు.

"నీకా? నిజంగా?"

"మీ చీర కొంగు మీద కొత్తిమీర ఉంది మేడమ్. ఎక్కడుందో నాకు కనపడటం లేదు."

ఆమె కొంగు మడత విప్పారు. పొద్దున్న వంటింట్లో అంటుకున్న ఒక ఆకు. దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏమీ రాలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. కళ్ళు మాత్రం నిండాయి.

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

"ఎక్కడిది?" అన్నారు.

సముద్రం అనే మాట నాలుక చివర ఉంది. మూడే అక్షరాలు. మా అమ్మ నాలుక బయటపెట్టి రాసిన సంతకం, బొద్దు బొద్దు అక్షరాలు, కళ్ళముందు నిలబడ్డాయి.

"మా అమ్మ తొట్టిది మేడమ్. మా వాళ్ళు తొట్లు కడగరు. ఫారంలో నేను అబద్ధం రాశాను. మొన్న మీరడిగితే మళ్ళీ చెప్పాను. సంతకం అమ్మదే గానీ, అందులో ఏముందో ఆమెకి తెలియదు. అది కూడా రాసుకోండి."

మేడమ్ తిడతారనుకున్నాను. "మొన్నెందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగారు. నేను సీసా ఆమె వైపు జరిపాను. ఆమె లేచి ఫోన్ తీసుకున్నారు. నంబరు నొక్కబోతూ ఆగి, "రేవులో బ్లీచింగు పోయనివ్వను. అంతవరకు నా మాట," అన్నారు.

* * *

మేడమ్ ఆ మాట నిలబెట్టుకున్నారు. తొట్టిని తొట్టిలాగే, చుట్టూ నేల కోసి, లారీ మీద తెచ్చారు. దాన్ని తినేది ఆ నీటిలో దొరికింది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, పొగమంచులా వీధుల్లో చల్లడానికి తొమ్మిది నెలలు పట్టింది.

ఈలోగా నీలాలరేవు ఖాళీ అయింది. ముప్పైరెండు ఇళ్ళవాళ్ళని సముద్రానికి నలభై మైళ్ళ దూరాన కొండపక్క కాలనీలో పెట్టారు. లోకాన్ని పాడుచేసిన రేవు అని పేపర్లు రాశాయి. మా వాళ్ళు పెళ్ళి సంబంధానికి వెళ్తే ఊరిపేరు చెప్పుకోలేకపోతున్నారని విన్నాను. అమ్మని పదకొండుసార్లు విచారణకి పిలిచారు. చివరికి ఆమె తప్పు లేదని వదిలేశారు. నా కేసు నడుస్తోంది. ఊరు దాటి వెళ్ళకూడదని ఆర్డరు. ఆదివారం ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తాను. తీస్తుంది. బాగున్నావామ్మా అంటే, "ఉన్నాను" అంటుంది. సముద్రం లేని చోట రోజంతా ఏం చేస్తుందో అడగాలని ఉంటుంది. అడగలేను. అంతలో ఆమే పెట్టేస్తుంది.

విశాఖపట్నంలో రెండో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాను. నేనెవరో ఆ మెట్ల మీద అందరికీ తెలుసు. పై అంతస్తు పిల్లలు నన్ను చూస్తే ముక్కు మూసుకుని పరిగెడతారు, వాసన అంటే ఏమిటో తెలియకపోయినా. ఎదురింట్లో సత్యవేణి అని ఒక టీచరు, ఆరేళ్ళ కూతురు. ఆమె భర్త, వాసనలు పోయిన ఈ చప్పటి కాలం మొదలైన మూడో నెలలో పోయాడు. గ్యాసు లీకైంది, ఇల్లంతా నిండింది, తెలియలేదు. లైటు వేశాడు. ఆ తర్వాత ఆ బిల్డింగులో అందరూ కరెంటు పొయ్యిలకి మారారు. నేను వచ్చిన ఎనిమిది నెలల్లో సత్యవేణి నాతో మాట్లాడింది లేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడి నన్ను పోనిస్తుంది. అది అవమానించడానికి కాదని నాకు తెలుసు. నన్ను చూడలేకపోవడం.

నాకు మొదట వచ్చిన వాసన కూడా ఆగలేదు. తొట్టికి దూరమైన నెలకి మళ్ళీ పొర పట్టేసింది. ఇప్పుడు మా వీధిలో మందు చల్లి నాలుగు రోజులైంది. ఎవరికీ ఏమీ రాలేదు. అదంతా బూటకమని కింద కొట్టు దగ్గర అనుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం, కిటికీ దగ్గర కూర్చుని కోర్టుకి ఇవ్వాల్సిన కాగితాలు రాసుకుంటున్నాను. రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఎందుకు ఆగానో తెలియలేదు. గదిలో ఇంకెవరో ఉన్నారనిపించింది. లేచి చూశాను. ఎవరూ లేరు. తలుపు దగ్గరికి వెళితే ఎక్కువైంది. కమ్మగా, కొంచెం చేదుగా, లోపల ఎక్కడో తీపిగా. మాడుతోంది. అన్నం.

గడప దాటాను. ఎదురింటి తలుపు కింది సందులోంచి వస్తోంది. తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తి, రెండుసార్లు దించేశాను. మూడోసారి కొట్టాను.

సత్యవేణి తలుపు తీసింది. చేతిలో పిల్లల పరీక్ష కాగితాలు, ఎర్రపెన్ను. నన్ను చూసి ఆమె ముఖం బిగుసుకుంది.

"మీ పొయ్యి మీద అన్నం మాడుతోందండి," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

ఆమెకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పెన్ను మూత పెట్టింది. తలుపు వేయకుండానే వంటింట్లోకి నడిచింది. నేను గడప ఇవతలే నిలబడ్డాను. అక్కణ్ణుంచి పొయ్యి కనిపిస్తోంది. గిన్నె అంచున పలచగా పొగ. ఆమె మూత తీసి, కళ్ళు మూసుకుని, ముఖం దాదాపు గిన్నెలో పెట్టింది. ఒక ఊపిరి. ఇంకొకటి. ఆరో ఏడో అయ్యాక ఆమె భుజాలు కదిలాయి.

కూతురు గదిలోంచి వచ్చి, ఏదో తగిలినట్టు ఆగి, ముక్కు రుద్దుకుంటూ అమ్మ చీర పట్టుకుంది. "అమ్మా, ఏంటిది?" అంది. ఆమె పిల్లని ఎత్తి చంకన వేసుకుంది.

నావైపు తిరగకుండానే అడిగింది.

"ఇకనుంచి గ్యాసు కూడా తెలుస్తుందా?"

"తెలుస్తుందండి."

ఆమె తల ఊపింది. అన్నం నల్లబడుతోంది. స్విచ్చు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె పొయ్యి ఆపలేదు.